నల్ల పైపు

ఫిలిప్ చొక్కా గుండీలు పొద్దునపూట స్టెల్లాయే పెట్టేది. అతని కుడిచేతి వేళ్ళు సగం వరకే ముడుచుకునేవి. మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం బిగుసుకుపోయి, నున్నగా, ఎర్రగా ఉండేది. మెడ దగ్గరి గుండీకి వచ్చేసరికి అతను గడ్డం పైకెత్తి గోడమీది క్యాలెండరు వైపు చూసేవాడు. ఆమెకు మాత్రం రోజూ సరిగ్గా ఆ గుండీ దగ్గరే అచ్యుత్ గుర్తొచ్చేవాడు. వాడి చొక్కా గుండీలు వాడే పెట్టుకుంటున్నాడు గదా అనుకునేది.

అచ్యుత్‌కు హోసూరు రోడ్డు మీద గ్యారేజీ ఉండేది. తొంభైల చివర బెంగళూరులో కార్లకు టర్బో పెట్టి జోరు పెంచాలంటే అందరూ అతని పేరే చెప్పేవాళ్ళు. పేరు అతనిది, పని ఫిలిప్‌ది. నంద్యాల నుంచి పెళ్ళికి ముందే వచ్చి ఆ గ్యారేజీలో చేరిన ఫిలిప్, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగేవాడు. వెల్డింగు కూడా అతనే చేసేవాడు.

టర్బో అంటే ఇంజను వదిలే మంటపొగ ఊపుతోనే తిరుగుతూ, ఇంజనులోకి మరింత గాలిని తోసే చక్రం. ఆ పొగను టర్బో దాకా చేర్చే పైపుల గుత్తిని మ్యానిఫోల్డ్ అంటారు. బండిని గట్టిగా తోలితే అది కుంపట్లో బొగ్గులా ఎర్రబడుతుంది. టర్బో బరువంతా దానికే వేలాడుతుంది. అందుకే దాన్ని ఏ పైపుతో చేశారన్నది ప్రాణం మీది మాట.

ఒకసారి ఒక షావుకారు కొడుకు తన ఎస్టీమ్ కారుకు టర్బో కావాలని వచ్చాడు. అచ్యుత్ ఎక్కడినుంచో తళతళలాడే స్టెయిన్‌లెస్ పైపులు తెచ్చి ఫిలిప్ ముందు పడేశాడు.

"అన్నా, ఇది మెట్ల రెయిలింగుకు వేసే పైపు. పలచన," అన్నాడు ఫిలిప్. "టర్బో బరువు దీనికి తగిలిస్తే, ఎర్రగా కాలినప్పుడు ఆగదు. ఆవిరికి వాడే నల్ల పైపు తెప్పించు. మందంగా ఉండాది, ఎంత కాలినా ఓర్చుకుంటాది."

"ఏమప్పా ఫిలిప్, బానెట్ ఎత్తితే కస్టమర్ కండ్లకు మెరవాల. తుప్పు పైపు చూపించి ఏం చెప్పేది? సుమ్నే, ఎదురు చెప్పకుండా వెల్డ్ చెయ్యి."

ఫిలిప్ రెండోసారి చెప్పి చూశాడు. మూడోసారి చెప్పలేదు. జీతం ఇచ్చేవాడు చెప్పినట్టు వెల్డ్ చేశాడు.

ఆ రోజుల్లో సర్జాపుర రోడ్డు నీలగిరి తోపుల మధ్య ఖాళీగా ఉండేది. బండిని పరీక్షించడానికి అక్కడికే తీసుకెళ్ళారు. షావుకారు కొడుకు తోలుతున్నాడు, ఫిలిప్ పక్కన కూర్చున్నాడు. జోరందుకున్న కాసేపటికి బానెట్ కింద ఫట్‌మని పేలింది. పైపు చీలి, మంట బ్రేకు ఆయిలు మీద కొట్టింది. బండి ఆగేలోపే ముందు భాగం అంటుకుంది. కుర్రాడి బెల్టు ఊడి రాలేదు. ఫిలిప్ అవతలి వైపుకు పరుగెత్తి, మంటలో చెయ్యి పెట్టి, బెల్టు తెంపి అతన్ని లాగాడు. కుర్రాడికి ఒంటిమీద గీత పడలేదు. ఫిలిప్ కుడిచెయ్యి కాలిపోయింది.

ఆసుపత్రిలో మాట్లాడే ఓపిక రాగానే అతను స్టెల్లాకు చెప్పిన మొదటి మాట ఇది: "వెల్డు ఊడలేదు స్టెల్లా. నేను చూసినా. వెల్డు పక్కన పైపే చీలింది."

ఆ పైపు చూపిస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోయేది. కానీ ఫిలిప్ ఇంటికి వచ్చేలోపే అచ్యుత్ దాన్ని గుజరికి, పాత ఇనుము కొనేవాళ్ళకు, తోలేశాడు. షావుకారుతో, తక్కిన గ్యారేజీల వాళ్ళతో, ఫిలిప్ వెల్డు ఊడి బండి తగలబడిందని చెప్పాడు. అందరూ నమ్మారు. బొమ్మనహళ్ళి చర్చిలో సంఘ పెద్ద దేవదాసు కూడా ఆరాధన అయ్యాక స్టెల్లా వినేటట్టే అన్నాడు: "పాపం, చేతిపని తప్పింది, చెయ్యే పోయింది."

స్టెల్లా ఆ రోజు తల దించకుండానే ప్రాంగణం దాటింది గానీ, ఆ మాట ఆమెలో దిగిపోయింది. నిద్రలో కూడా అది పలికేది.

ఆ తరువాత ఏ గ్యారేజీ ఫిలిప్‌ను రమ్మనలేదు. బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీకి ఆడవాళ్ళను చేరవేసే వ్యాను తోలడానికి కుదిరాడు. ఇంట్లో మాటలు తగ్గించేశాడు. స్టెల్లా అచ్యుత్ సంగతి ఎత్తితే, "దేవుడు చూసుకుంటాడులే," అనేవాడు.

"దేవునికి వెల్డింగ్ రాదు," అంది స్టెల్లా ఒకరోజు. ఆ మాట అన్న వారంలోనే చర్చి బడిలో టీచరు ఉద్యోగం మానేసింది.

బొమ్మనహళ్ళిలోనే శ్రీనివాసప్ప అని ఒక పెద్దాయన పాల డెయిరీలకు స్టెయిన్‌లెస్ ట్యాంకులు చేసేవాడు. ఆయన షెడ్డులో ఆర్గాన్ వెల్డింగు, అంటే గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు కప్పి చేసే సన్నటి పని, జరిగేది. తరతరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. స్టెల్లా వెళ్ళి పని నేర్పమని అడిగింది.

"టీచరమ్మా, ఇది ఆడోళ్ళ పని గాదని నేను చెప్పను," అన్నాడాయన. "కండ్లు పోయే పని అని మాత్రం చెప్తా. నీకేంటికి ఇది?"

"ఒకడికి చూపించాలప్పా."

"ఏం చూపిస్తావు?"

"వెల్డంటే ఏందో."

శ్రీనివాసప్ప నవ్వలేదు. ఫిలిప్ సంగతి ఆయన చెవిన పడే ఉంది. పాత మాస్కు ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు.

మొదట్లో రేకులు కాల్చి చిల్లులు చేసింది. కళ్ళలో ఇసుక పోసినట్టు మండితే తడిగుడ్డ వేసుకుని పడుకునేది. చెయ్యి వణికినప్పుడల్లా అచ్యుత్ ముఖం తలుచుకునేది. వణుకు ఆగిపోయేది. కోపం ఆమెను నిలకడగా చేసింది. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ షెడ్డులో కష్టమైన అతుకంటే స్టెల్లా దగ్గరికే పంపేవాళ్ళు.

ఈలోపు అచ్యుత్ ఇంకా పైకొచ్చాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అద్దాల గోడలతో కొత్త షోరూం పెట్టాడు. హోసూరు అవతల పాత రన్‌వే మీద ఏటా కార్ల పందెం జరిగేది. జంటలుగా తోలడం, ఓడిన బండి పక్కకు తప్పుకోవడం. కొన్నేళ్ళుగా అచ్యుత్ తయారుచేసిన బండే గెలుస్తోంది. ఆ ఫోటోలు అతని అద్దాల మీద పెద్దవిగా అతికించి ఉండేవి. స్టెల్లా బస్సులో అటు పోయినప్పుడల్లా కిటికీ వైపే కూర్చునేది. మంట ఆరకుండా ఉండడానికి చూసేది.

రెండువేల ఆరులో ఆమె ఫిలిప్‌తో చెప్పకుండా, గుద్దుకుని మూలపడిన పాత ఎస్టీమ్ ఒకటి కొని ఇంటి ముందుకు తోయించింది. వ్యాను దిగి వచ్చిన ఫిలిప్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందిది?"

"పందెం బండి. ఇంజను మీరు చెయ్యాల. పైపులు నేను చేస్తా."

"నాకు ఎవరి మీదా కక్ష లేదు స్టెల్లా."

"నాకు ఉండాది. మీ వంతు కూడా నేనే పెట్టుకుని ఉండాను ఇన్నాళ్ళూ."

ఫిలిప్ లోపలికి పోయాడు. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చి, బండి చుట్టూ తిరిగాడు. తరువాత ఎడమచేత్తో బానెట్ ఎత్తి, అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. ఆమె టార్చిలైటు తెచ్చి ఇచ్చింది.

పైపుల కోసం ఆదివారం ఆరాధన అయ్యాక శివాజీనగర్ గుజరికి పోయారు. టర్బో తేలిగ్గానే దొరికింది, పాడైన డీజిలు జీపుది. ఫిలిప్ చక్రాన్ని వేలితో తిప్పి, ఇరుసు వదులుగా ఊగడం లేదని చూసి సరేనన్నాడు. పైపుల దగ్గరే ఆలస్యమైంది. కొట్టువాడు మొదట మెరిసే రెయిలింగు పైపు చూపించాడు. స్టెల్లా దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. తరువాత జింకు పూత వేసిన నీళ్ళ పైపు చూపించాడు.

"అది కాలిస్తే తెల్లపొగ వస్తాది. పీలిస్తే చలిజ్వరమే," అంది.

"మంచి స్టెయిన్‌లెస్ ఉంటే మేలేమో," అన్నాడు ఫిలిప్. "నీకు అలవాటైన సరుకు గదా."

"మంచిది మందంగా కావాలంటే మనం కొనలేం. పలచనిది తీసుకుంటే, వేడికి మామూలు ఇనుము కన్నా ఎక్కువ సాగుతాది. సాగినప్పుడల్లా అతుకు పక్కన లాగుతాది. వద్దు."

కొట్టు వెనక, ఏదో లాండ్రీలో బాయిలరు విప్పినప్పుడు వచ్చిన ఆవిరి పైపుల కుప్ప ఉంది. నల్లగా, బరువుగా, అతుకు గీత లేని పైపులు. వాటితోనే మందపాటి వంపులు. స్టెల్లా ఒక వంపు ఎత్తి లోపలికి చూసింది. తుప్పు పైపైనే ఉంది. సుత్తితో తడితే గుడి గంటలా కాకపోయినా, బతికున్న చప్పుడే చేసింది.

"ఇది," అంది.

ఇంజనుకు బిగించే పట్టీని మందపాటి ఇనుప పలకలోంచి కోసింది. వేడికి వంకర పోకుండా దాన్ని ఒక పాత సిలిండరు హెడ్డుకు బోల్టులతో బిగించి, ఆపైనే పైపులు అతికింది. నల్లపూత అంతా రుద్ది తెల్లటి ఇనుము కనపడేదాకా సానబట్టింది. అంచులు వాలుగా చెక్కి, అతుకు అడుగు నుంచి నిండేలా ఒకదాని మీద ఒకటిగా పొరలు వేసింది. అయ్యాక పొడి బూడిదలో పాతిపెట్టి, మెల్లగా చల్లారనిచ్చింది. లోపల కిరోసిన్ పూసి, బయట సుద్ద రాసి పరీక్షించింది. సన్నటి పగులున్నా సుద్ద తడిసి గీత పడుతుంది. సుద్ద పొడిగానే ఉంది. టర్బో బరువు మ్యానిఫోల్డ్ మీద పడకుండా ఫిలిప్ ఇంజను పక్కనుంచి ఒక ఊత పెట్టాడు. అక్కడినుంచి వెనక్కి పోయే పైపుకు మాత్రం పలచటి ఇనుము వాడి, ఇంజను ఊగినా తట్టుకునేలా మధ్యలో ముడతల గొట్టం పెట్టారు.

పందెం రోజు శ్రీనివాసప్ప తన టెంపోలో వెల్డింగు సెట్టు, జనరేటరు వేసుకుని వాళ్ళ వెంట వచ్చాడు. "మనకే ఏమన్నా అయితే?" అన్నాడు.

అచ్యుత్ వాళ్ళను చూసి ఆశ్చర్యపోయాడు గానీ వెంటనే సర్దుకున్నాడు. ఎస్టీమ్ బానెట్‌లోకి తొంగిచూసి నవ్వాడు.

"ఏమప్పా ఫిలిప్, హోటల్ బాయిలర్ విప్పుకొని వచ్చినావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఫిలిప్ కూడా కొంచెం నవ్వాడు. స్టెల్లా నవ్వలేదు.

బండి ఫిలిప్పే తోలాడు. గేరు ఎడమచేతి పని. కుడిచెయ్యి స్టీరింగు మీద ఆన్చితే చాలు. మొదటి జంటలో గెలిచాడు, రెండోదాంట్లో గెలిచాడు. మధ్యాహ్నానికి ఫైనల్‌కు చేరాడు. అవతల అచ్యుత్ బండి కూడా చేరింది. దాని యజమాని అభిజిత్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, తనే తోలుతున్నాడు. కానీ ఫైనల్‌కు ముందు పందెంలో చివరి గీత దాటేటప్పుడు ఆ బండి చప్పుడు మారింది. బానెట్ ఎత్తితే మ్యానిఫోల్డ్ మీద పగులు కనిపించింది. మెరిసే పలచటి పైపు. ఇన్నేళ్ళకూ అదే రకం.

ఆ మైదానంలో ఆర్గాన్ సెట్టు శ్రీనివాసప్ప తెచ్చింది ఒకటే ఉంది. భోజనాల విరామంలో అభిజిత్ పరుగెత్తుకుని వచ్చాడు.

"మేడమ్, ప్లీజ్, కొంచెం హెల్ప్ చేస్తారా? ఫైనల్‌కి ఇంకా టైమ్ ఉంది."

"బండి నీదే నాయనా. పైపు చేసినోడు వేరే. ఆయన్ను వచ్చి అడగమను."

అచ్యుత్ వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకుని, ఎటో చూస్తూ, "ఏమ్మా, చిన్న పగులు. వేసిస్తావా?" అన్నాడు.

స్టెల్లా అతని వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ ఈ క్షణానికి ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది. తీరా నోటికి వచ్చింది చిన్నదే.

"వేస్తా. ముందు ఆ మైకు దగ్గరికి పో. సర్జాపుర రోడ్డులో బండి కాలిన రోజు పైపు ఎవరు తెచ్చినారో, ఎవరు వద్దన్నారో, ఏది చీలిందో చెప్పు. ఈడ ఉండే గ్యారేజీ వాళ్ళందరికీ వినపడాల."

"వదిలెయ్ స్టెల్లా," అన్నాడు ఫిలిప్ మెల్లగా.

"మీరు వదిలేసినారు. నేను వదలను."

అచ్యుత్ అభిజిత్ వైపు చూశాడు. కుర్రాడు అర్థం కాక ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఫైనల్‌కు బండి రాకపోతే షోరూం అద్దాల మీద ఈ ఏటి ఫోటో ఉండదు. ఎప్పటిదో పాత సంగతి, ఒక మాట అనేస్తే పోయేదేముంది అనుకున్నట్టున్నాడు. మైకు దగ్గరికి నడిచాడు.

"మన ఫిలిప్ పాత రోజుల్లో నా దగ్గర పని చేసినాడు. అప్పుడొక బండి కాలింది. పైపు స్వల్ప సరిగా లేదు..."

"తెచ్చిందెవరు?" స్టెల్లా కింద నుంచే అరిచింది.

మైకు కాసేపు ఊరికే గుర్రుమంది.

"నేనే తెచ్చినా. ఫిలిప్ వద్దన్నాడు. వెల్డు ఊడలేదు, పైపు చీలింది. అంతే."

పెద్దగా కేకలేమీ రాలేదు. కానీ గ్యారేజీల వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలి మెకానిక్కు ఫిలిప్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఫిలిప్ తల వంచుకుని ఉన్నాడు. ఆమెకు మాత్రం తీపిగా ఉంది. ఇంకా కావాలనిపించింది.

పైపు విప్పి తెచ్చి ఆమె ముందు పెట్టారు. లోపలికి చూస్తే పాత అతుకుల వెనక మాడిన చక్కెరలా నల్లటి గరుకు. వెనకవైపు ఆర్గాన్ నింపకుండా కాల్చిన పని. మాస్కు దించుకునే ముందు ఆమె చెయ్యి ఒక్క నిమిషం ఆగింది. పైపైన మెరిపించి వదిలేస్తే ఎవరికీ తెలియదు. మొదటి జోరుకే విడిపోతుంది. వాడు నవ్విన నవ్వుకు అదే తగిన శాస్తి.

కానీ అట్లా చేస్తే వెల్డు ఊడుతుంది. వాడు ఇన్నేళ్ళూ చెప్పిన అబద్ధం తన చేతుల మీదుగా నిజమవుతుంది.

ఆమె పగులు మొత్తం చెక్కేసింది. లోపలి గరుకు గీకింది. పైపు రెండు చివరలూ మూసి ఆర్గాన్ నింపి, తన జీవితంలోకెల్లా మంచి వెల్డు వేసింది. చల్లారాక అభిజిత్‌ను దగ్గరికి పిలిచింది.

"విను. నా వెల్డు ఊడదు. దీని పక్కన పైపు చీలొచ్చు. అది అలసిపోయి ఉండాది. బ్రేకు పైపుకు అడ్డంగా రేకు కట్టిస్తాం, మంట ఆర్పే సిలిండరు సీటు కింద పెట్టుకో. ఫట్‌మంటే కాలు తీసెయ్. ఇవన్నీ విన్నాక కూడా తోలతావా?"

"ఏం కాదప్పా, ఆమె భయపెడతాంది," అన్నాడు అచ్యుత్.

అభిజిత్ పైపు వైపు చూశాడు. "రేకు కట్టండి మేడమ్. తోలతాను," అన్నాడు.

రేకు ఫిలిప్ కట్టాడు.

జెండా దిగగానే అభిజిత్ తెల్లబండే ముందు దూకింది. సగం దూరం దాకా ఎస్టీమ్ వెనకే ఉంది. స్టెల్లా పిడికిళ్ళు బిగించి నిలబడింది. అప్పుడు వినిపించింది, తుపాకీ పేలినట్టు. తెల్లబండి జోరు తగ్గింది. నల్ల పైపుల ఎస్టీమ్ దాన్ని దాటి గీత మీదుగా పోయింది.

అభిజిత్ క్షేమంగా దిగాడు. మంట రాలేదు, రేకు మాత్రం నల్లబడింది. జనం బానెట్ చుట్టూ మూగారు. శ్రీనివాసప్ప వెల్డింగు గ్లౌజుతో పైపు పట్టుకుని గట్టిగా పిలిచాడు: "రాండప్పా, అందరూ వచ్చి చూడండి. ఈమె వెల్డు అట్లే ఉండాది. పక్కన చీలింది చూడండి, వేలెడు దూరంలో!"

ఒక్కొక్కరే వంగి చూశారు. అచ్యుత్ కూడా చూడాల్సి వచ్చింది. అతను తల ఎత్తినప్పుడు స్టెల్లా అతని ఎదురుగా నిలబడి ఉంది. అతను కళ్ళు దించేదాకా చూసింది, దించాక కూడా చూసింది.

ఆ కబురు గ్యారేజీల్లో పాకింది. అభిజిత్ తన బండిని అచ్యుత్ దగ్గర నుంచి తెచ్చేసుకున్నాడు. అతని వెనక మరి కొందరు వచ్చారు. బొమ్మనహళ్ళిలో శ్రీనివాసప్ప షెడ్డు పక్కనే ఫిలిప్, స్టెల్లా చిన్న చోటు అద్దెకు తీసుకున్నారు. ఫిలిప్ వ్యాను మానేశాడు. చర్చిలో దేవదాసు అందరి ముందూ ఫిలిప్ చేయి పట్టుకుని ఊపాడు. ఆమె వైపు తిరిగేసరికి స్టెల్లా చెప్పులు వేసుకుంటోంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అచ్యుత్ మైసూర్ పాక్ డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. మనిషి తగ్గాడు. ఫిలిప్ లేచి స్టూలు వేశాడు, కాఫీ తెప్పించాడు. స్టెల్లా గ్రైండరుతో ఒక పట్టీ సాన పడుతోంది. అచ్యుత్ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె గ్రైండరు ఆపలేదు. అతను గొంతు పెంచాడు. ఆమె ఇంకొంచెం ఒత్తింది. నిప్పురవ్వలు అతని కాళ్ళ దాకా వచ్చి ఆరిపోతున్నాయి. అతను ఫిలిప్ చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. ఫిలిప్ తల ఊపాడు. అచ్యుత్ కాఫీ సగంలో వదిలి, వానలోనే వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆమె స్విచ్ తీసింది.

"ఒక్క నిమిషం ఆపితే ఏం పోయేది?" అన్నాడు ఫిలిప్. "తప్పయిందని చెప్పేకి వచ్చినాడు."

"మీకు చెప్పినాడు గదా. మీరు విన్నారు గదా."

"నీకు కూడా చెప్పాలనుకున్నాడు."

"నాకు వినాలని లేదు."

ఫిలిప్ డబ్బా విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆమె వైపు చాపాడు. స్టెల్లా డబ్బా మూత పెట్టి, వీధి ఊడ్చే ఆదెమ్మను పిలిచి ఇచ్చేసింది. మళ్ళీ పట్టీ ముందు కూర్చుని, అంచు మీద వేలు పెట్టి గరుకు చూసుకుంది.